మళ్ళీ బిగించని స్క్రూలు

మొన్న ఆఫీసులో నా బల్ల కింద వైర్లు సర్దడానికి ఒక టెక్నీషియన్ వచ్చాడు. చిక్కుపడి ఉన్న వైర్లన్నీ ఒక కట్టగా పట్టుకుని, చుట్టూ ప్లాస్టిక్ ట్యాగు వేసి, కొస పట్టుకుని లాగాడు. ట్యాగు పళ్ళు ఒక్కొక్కటే గాడిలో పడుతూ టర్‌ర్‌మని చిన్న చప్పుడు. అద్దాల గోడ అవతల హైటెక్ సిటీ ఎప్పటిలాగే ఎండలో మెరుస్తోంది. పక్క సీట్లో ఎవరో ఫోన్లో మాట్లాడుతూ నవ్వుతున్నారు. ఆ చప్పుడుకి నా చెవులు మాత్రం వేడెక్కాయి. నాలుగేళ్ళవుతున్నా అంతే. సాయిలు గారి గురించి రాయాలని ఇదివరకు చాలాసార్లు కూర్చున్నాను. ఆయన పనితనం గురించి నాలుగు వాక్యాలు రాసేసరికి ఐదో వాక్యంలోకి నేను రావలసి వచ్చేది. అక్కడ ఆపేసేదాన్ని. ఈసారి ఆపకుండా రాద్దామనుకుంటున్నాను.

నార్సింగిలో మేముండే అపార్ట్‌మెంటుకి ఆయన రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డు. మెదక్ వైపు పల్లె. గార్డు కాకముందు ఇరవై ఏళ్ళకు పైగా బస్సులకీ కార్లకీ సీట్లు కుట్టారట. పనిచేస్తున్న షెడ్డు మూతపడి, చూపు కూడా కాస్త మందగించడంతో, ఏజెన్సీ వాళ్ళిచ్చిన నీలం చొక్కా తొడుక్కుని మా గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. చొక్కా మారినా పాత పని అలవాటు పోలేదు. గేట్లోకి ఎవరి సోఫా వచ్చినా, ఏ పిల్ల స్కూలు బ్యాగు భుజం మీంచి జారినా, ఆయన చెయ్యి ముందు కుట్టు మీదికి వెళ్ళేది. కుడిచేతి బొటనవేలి గోరు కొంచెం పొడుగ్గా ఉంచుకునేవారు. ఆ గోరుతో కుట్టు వెంబడి మెల్లగా గీరి, "ఇది ఆర్నెల్లు ఆగది" అనో, "ఎవడో మంచిగ కుట్టిండు" అనో తీర్పు చెప్పేవారు. సోఫా కొన్నవాళ్ళకి ఆ తీర్పు నచ్చేది కాదు. నాకు మాత్రం ముచ్చటగా ఉండేది. నా ఉద్యోగం కూడా అలాంటిదే మరి. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పు ఎక్కడుందో పట్టుకునే జట్టుకి నేను లీడ్‌ని.

ఆ ఏడాదే నేను మొదటిసారి సొంతంగా కారు కొనుక్కున్నాను. సెకండ్ హ్యాండ్‌ది, చిన్నది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ గేరు కడ్డీ చివర చేత్తో పట్టుకునే నాబ్ మీది తోలు పెచ్చులు ఊడిపోతోంది. చెయ్యి వేసిన ప్రతిసారీ నల్లటి పొట్టు అరచేతికి అంటుకునేది. ఆన్‌లైన్లో వెతికి గుండ్రటి చెక్క నాబ్ ఒకటి తెప్పించాను. మా ఆయన వేణు దాన్ని చూసి, "సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు వాళ్ళే పెడతారుగా, నీకెందుకీ తిప్పలు" అన్నాడు. ఆ మాటతో నాకు పంతం వచ్చింది. కాకినాడలో మా పుట్టింట్లో స్క్రూడ్రైవర్ ముట్టుకోనిచ్చింది మా తమ్ముణ్ణే గానీ నన్ను కాదు. ఈ ఒక్కటీ నా చేతులతో నేనే బిగించుకోవాలనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే సెల్లారులో కారు తలుపు తీసి పెట్టుకుని, ఫోన్లో వీడియో చూస్తూ మొదలుపెట్టాను. వీడియోలో అతను పాత నాబ్‌ని తిప్పితే చేతిలోకి వచ్చేసింది. నాది తిరగలేదు. నాబ్ కింద గేరు కడ్డీని కప్పుతూ మడతలు మడతలుగా ఉండే తోలు తొడుగుని బూటు అంటారు. దాని పైఅంచు నాబ్ మెడకి లోపలెక్కడో కట్టేసి ఉంది. గుంజాను, రాలేదు. బూటుని కత్తిరించేస్తే పోతుంది, కొత్తది కొనుక్కోవచ్చు అనుకుని కత్తెర తీశాను.

"మేడమ్, కత్తెర జర ఆపున్రి."

సాయిలు గారు. డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి బయల్దేరినవారు నా వెనక ఆగి చూస్తున్నారు.

"ఇది రావట్లేదండి సాయిలు గారూ. కోసేద్దామని."

"గారు గీరు ఎందుకు మేడమ్ నాకు." నవ్వారు. "గది మంచి బూటు. దాన్ని కోసుడెందుకు? ఏది యాడ కట్టి ఉన్నదో చూడకుండ గుంజితే ఏదైన తెగుతది."

సంచి పక్కన పెట్టి, నా పక్క సీట్లో ఒదిగి కూర్చున్నారు. గేరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం అంచు కింద వేలు పోనిచ్చి నాలుగు మూలలా మెల్లగా ఎత్తారు. క్లిప్పులు టక్ టక్‌మని ఊడాయి. బూటు అడుగుభాగం విడిపోయింది. దాన్ని చొక్కా విప్పినట్టు పైకి తీసి, నాబ్ మీదుగా తిరగేశారు. లోపలి వైపంతా కనిపించింది. నాబ్ మెడ చుట్టూ ఒక ప్లాస్టిక్ ట్యాగు, దాని మీద నాలుగు కుట్లు. కత్తెర అక్కడ పెట్టమన్నారు, బూటు మీద కాదు. ట్యాగు తెగింది, కుట్లు ఒక్కొక్కటే విప్పాం, పాత నాబ్‌ని పైకి ఒక్క ఊపు ఊపితే వచ్చేసింది. బూటుకి గీత కూడా పడలేదు.

కొత్త నాబ్ మెడ సన్నం. బూటు మూతి దానికి వదులైంది. ఆయన సంచిలోంచి ఒక చిన్న రేకు డబ్బా తీశారు. అందులో సూదులు, మైనం పూసిన దారం ఉన్నాయి. గార్డు ఉద్యోగంలో ఉన్నా ఆ డబ్బా లేకుండా ఎప్పుడూ తిరగలేదట. సూదిలోకి దారం ఎక్కించమని నాకిచ్చారు, ఆయనకి సూది బెజ్జం కనపడదు. ఎక్కించాక బూటు మూతికి రెండు మడతలు పట్టి, లోపలి వైపు నుంచి ఎలా కుట్టాలో ఒక మడత ఆయన కుట్టి చూపించారు. రెండోది నా చేత కుట్టించారు. నాది వంకరగా పోయింది. విప్పించారు. మళ్ళీ వంకరగా పోయింది. మళ్ళీ విప్పించారు.

"ఇది లోపలికి పోతుంది కదండీ, ఎవరికి కనిపిస్తుంది?" అన్నాను విసుగ్గా.

"తిరగేసినోనికి కనబడతది బిడ్డా. ఎప్పటికన్న ఎవడో ఒకడు తిరగేస్తడు."

పని చెప్పేటప్పుడు ఆయన నోట మేడమ్ పోయి బిడ్డ వచ్చేది. ఆ తేడా ఆయన గమనించారో లేదో గానీ నేను గమనించాను, నాకది ఇష్టంగా అనిపించింది. మా నాన్న పోయాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా నేర్పినవాళ్ళు లేరు.

చివరికి నాబ్ బిగించే వంతు వచ్చింది. మా కారు గేరు కడ్డీకి మరలు లేవు, నున్నగా ఉంటుంది. నాబ్‌తో పాటు వేర్వేరు లావుల్లో ప్లాస్టిక్ గొట్టం ముక్కలు వచ్చాయి, సరిపోయేదాన్ని సాయిలు గారు ఏరి ఇచ్చారు. దాన్ని కడ్డీకి తొడిగి, దాని మీద నాబ్ దించి, మెడ చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలు బిగించాలి. ఆ స్క్రూల మొనలు గొట్టాన్ని కరిచి పట్టుకుంటాయి. ఒక స్క్రూని ఒకేసారి బిగించెయ్యబోతుంటే ఆయన నా చెయ్యి ఆపారు. మూడింటినీ వంతులవారీగా, కొంచెం కొంచెం. లేకపోతే నాబ్ ఒక పక్కకి లాగుతుంది. బిగించాక బూటు మూతిని మెడ మీదికి తెచ్చి ట్యాగు వేసి లాగించారు. టర్‌ర్‌మంది. బూటు కిందికి దించి క్లిప్పులు నొక్కితే, స్క్రూలు, ట్యాగు, నా వంకర కుట్టు అన్నీ లోపలికి పోయాయి. పైకి చక్కటి చెక్క నాబ్, దాని కింద నల్లటి మడతలు.

"ఇగ ఒక్క మాట యాదికుంచుకో బిడ్డా. ప్లాస్టిక్ కొత్తల గట్టిగనే ఉన్నట్టు కొడతది. వారం రోజులు గేర్లు మార్చినంక జర లొంగుతది. అప్పుడు మళ్ళ బూటు తిరగేసి, ట్యాగు కోసి, ఆ మూడు స్క్రూలు మళ్ళ బిగియ్యాలె. రెండోసారి బిగిస్తెనే అవి కరుస్తయ్. నేను చెయ్య, నువ్వే చెయ్యాలె. అప్పుడే నీకు పని వచ్చినట్టు." డబ్బాలోంచి ఇంకో రెండు ట్యాగులు తీసి నా చేతిలో పెట్టారు.

మర్నాడు ఆఫీసులో నాబ్ ఫోటో మా జట్టు గ్రూపులో పెట్టాను. 'అంతా నేనే చేశాను' అని రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. మధ్యాహ్నం క్యాంటీన్లో ఒకమ్మాయి, "ఎవరు నేర్పారు పద్మజ గారూ?" అని అడిగింది. "వీడియో చూసి నేర్చుకున్నా" అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ ఆయన నేర్పాడంటే ఆ మెప్పులో సగం తగ్గిపోతుందనిపించింది.

వారం గడిచింది. గేటు దగ్గర కారు ఆపినప్పుడు సాయిలు గారు కిటికీలోంచి వంగి, "బిగిచ్చిన్రా మేడమ్?" అని అడిగారు. ఈ ఆదివారం బిగిస్తానన్నాను. ఆదివారం ఎవరో చుట్టాలొచ్చారు. మళ్ళీ అడిగారు. పనిలో పడి మర్చిపోయానన్నాను, అది నిజమే. నాబ్ గట్టిగానే ఉంది, ఊపి చూశాను, కదల్లేదు. చక్కగా కూర్చున్న బూటుని మళ్ళీ విప్పడం, ట్యాగు కొయ్యడం ఎందుకులే అనిపించింది. మూడోసారి అడిగేసరికి నాకు ఆఫీసుకి ఆలస్యమవుతోంది, వెనక కారు హారన్ కొడుతోంది.

"ఆఁ, బిగించానండి" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "గట్లుండాలె" అని, పక్కనున్న ఇంకో గార్డు వైపు తిరిగి, "చూసినవా, మేడమ్ సొంత చేతుల్తోని చేస్కున్నరు. రెండోసారి బిగించుడు మెకానిక్‌లే చెయ్యరు" అన్నారు. గేరు వేసి ముందుకి పోతూ అద్దంలో చూశాను. ఇంకా ఆ గార్డుకి ఏదో చెబుతూనే ఉన్నారు, చేత్తో బిగిస్తున్నట్టు చూపిస్తూ.

ఇంకో నెల తర్వాత ఒకరోజు పొద్దున వేణు బండి రిపేరులో ఉంటే నా కారు తీశాడు. నన్ను ఆఫీసు దగ్గర దింపి తను వెళ్ళాలి. మా సెల్లారు ర్యాంపు నిటారుగా ఉంటుంది. సగం ఎక్కాక ముందున్న కారు ఆగిపోతే మేమూ ఆగాం. ఇంజను ఆగిపోయింది. వేణు మళ్ళీ స్టార్ట్ చేసి ఫస్ట్ గేరులోకి వెయ్యబోయాడు. నాబ్ బూటుతో సహా ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. ఒక్క క్షణం అతను దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆ కంగారులో బ్రేకు మీది కాలు జారింది. కారు వెనక్కి జారింది. నేను అరిచాననుకుంటాను. ర్యాంపు కింద వరసగా పెట్టిన బైకులకి తగిలి, నాలుగైదు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇంకా జారుతుండగా వెనక టైరు దగ్గర ఏదో అడ్డుపడి కారు ఒక్క కుదుపుతో ఆగింది.

దిగి చూస్తే సాయిలు గారు నేల మీద కూర్చుని ఉన్నారు. డ్యూటీ దిగి వెళ్ళబోతూ, గోడ పక్కనున్న చెక్క దిమ్మ లాక్కొచ్చి టైరు కింద పెట్టారు. చెయ్యి వెనక్కి తీసుకునేలోపు బొటనవేలు దిమ్మకీ నేలకీ మధ్య పడింది. గోరు మూలంలోంచి లేచిపోయి రక్తం కారుతోంది. ఆయన తన వేలు చూసుకోవడం లేదు. వేణు చేతిలో ఉన్న నాబ్‌ని చూస్తున్నారు.

ఆ సాయంత్రం క్లబ్‌హౌస్‌లో అసోసియేషన్ వాళ్ళు కూర్చున్నారు. పడిపోయిన బండ్లవాళ్ళు, సెక్రటరీ గారు, మేమిద్దరం. సెక్రటరీ గారు, "ఆ నాబ్ బిగించిందెవరు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు వేణు, "మన సెక్యూరిటీ సాయిలే. డ్యూటీలో ఉండగా ఇలాంటి పైపనులు చేయనిస్తే ఇలాగే అవుతుంది" అన్నాడు. వేణుకి తెలిసింది అంతే. నాబ్ మార్చిన ఆదివారం నేను పైకి వెళ్ళి, సాయిలు గారు సాయం చేశారని మాత్రమే చెప్పాను. డ్యూటీ దిగాక చేశారనీ, బిగించింది నా చెయ్యేననీ చెప్పాల్సిన మనిషిని నేను ఒక్కదాన్నే. నేను మాట్లాడలేదు. ఒక వాక్యం గొంతులో తయారుగా ఉంది. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటుండగానే ఆయన్ని పిలిపించారు.

వేలికి కట్టు కట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు.

"నేర్పింది నేనే సార్" అన్నారు. "వారం అయినంక మళ్ళ బిగియ్యాలె అని చెప్పిన. మేడమ్ బిగిచ్చిన అన్నరు. మేడమ్ అబద్ధం చెప్పరు. గట్లయితే ఇగ తప్పు నా దగ్గరనే ఉన్నట్టు. గొట్టం సైజు నేనే తక్కువ చూసిన్నో ఏమో. కండ్లు మంచిగ లేవు."

అందరూ నా వైపు ఒకసారి చూశారు. నేను బల్ల మీది నీళ్ళ సీసా మీదున్న అక్షరాలు చదువుతున్నాను. ఒకే మాటని మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. సెక్రటరీ గారు, "సరే, ఏజెన్సీతో మాట్లాడతాం, నువ్వెళ్ళు" అన్నారు. మర్నాటి నుంచి గేటు దగ్గర ఇంకొకాయన ఉన్నాడు. సాయిలు గారు ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి రోజుల్లో నేను మామూలుగానే ఉన్నాను. ఇది రాయడానికే ఎక్కువ కష్టంగా ఉంది. తిన్నాను, నిద్రపోయాను, ఆఫీసులో మా జట్టు కుర్రాడొకడు ఒక ప్రోగ్రాముని పరీక్ష చెయ్యకుండానే చేశానని రాస్తే వాడికి అరగంట నీతులు చెప్పాను. కారుకి సర్వీసింగ్ వాళ్ళు వేరే నాబ్ వేసిచ్చారు. చెక్క నాబ్, గొట్టం, స్క్రూలు ఒక కవరులో వేసి వాళ్ళే ఇస్తే బీరువాలో పడేశాను. వాటిని చూడను కూడా లేదు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్.

"మేడమ్, సాయిలును. మంచిగున్నరా? ఫికర్ జేయకున్రి, ఏం అడగనీకి చెయ్యలే. ఆ నాబు, దాని గొట్టం పారేసిన్రా, ఉంచిన్రా?"

"ఉన్నాయండీ."

"జర ఒక్కసారి చూడాలె మేడమ్. ఎట్ల ఊడిందో నాకు సమజ్ అయితలేదు."

బాచుపల్లిలో ఒక కాలేజీ హాస్టల్ గేటు దగ్గర డ్యూటీ వేశారట. శనివారం వెళ్ళాను. వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నాకు వేసి, ఆయన మెట్టు మీద కూర్చున్నారు. ముందుగా ఆయనే వేణు ఎలా ఉన్నాడని అడిగారు. ఆ రోజు దెబ్బలేమీ తగల్లేదు కదా అని అడిగారు. కవరు ఇస్తే అందులోంచి స్క్రూలు ఒక్కొక్కటే తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూశారు. మరలు బాగానే ఉన్నాయన్నారు. గొట్టం వేళ్ళ మధ్య తిప్పి, లావు సరిగ్గానే ఉందన్నారు. ఆయన ముఖంలో అయోమయం ఎక్కువవుతోంది. గొట్టం మీద బొటనవేలు ఆనించి గీరబోయి ఆగారు. పాత గోరు పోయిన చోట మెత్తటి కొత్త గోరు సగమే వచ్చింది.

"నా గోరు ఇంక రాలే. కండ్లకు కనబడుతలేదు. మీరు చూడున్రి మేడమ్. స్క్రూలు కరిచిన గుంటలు మూడు ఉంటయ్. వాటి మీద మీ గోరు పెట్టి గీరున్రి. లోతుగ ఉన్నయా? గోరు ఆగుతున్నదా?"

గొట్టం తీసుకున్నాను. గుంటలు కాదు అవి, మూడు చుక్కలు. గోరు వాటి మీంచి నున్నగా జారిపోయింది. రెండోసారి బిగించి ఉంటే గోరు ఆగేది. ఆయనకి కనపడదు. ఆగుతోందని చెప్పినా నమ్ముతారు. నేను ఏది చెప్పినా నమ్ముతారు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను చాలాసేపు గీరుతూనే ఉన్నాను.

"ఆగట్లేదండీ" అన్నాను. "పైపైనే ఉన్నాయి. నేను రెండోసారి బిగించలేదు. మీతో బిగించానని అబద్ధం చెప్పాను. మీటింగులో కూడా నోరు విప్పలేదు."

ఆయన తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలారు. భుజాలు కిందికి దిగాయి.

"అయితే నా చెయ్యి తప్పు కాదన్నట్టు" అన్నారు.

సంతోషించారు. నా అబద్ధం సంగతి విని ఆయనకి మొదట కలిగింది సంతోషం. ఆ ముఖం చూశాక తలెత్తలేకపోయాను.

"రెండు నెలల సంది పరేషాన్ అయితున్న మేడమ్. గోపన్‌పల్లిల మా పాత దోస్తు ఒకడు సీట్ల దుకాణం తెరిసిండు. రమ్మని నాలుగుసార్లు ఫోన్ చేసిండు. పోలే. ఇరవై ఏండ్ల చెయ్యి, ఒక చిన్న గొట్టం లావు తెలుస్తలేదంటే, ఇంకొకని బండిల ఎట్ల పని చెయ్యాలె అని భయమయ్యింది." కొంచెం ఆగారు. సంతోషం మెల్లగా తగ్గి, దాని కిందున్నది పైకి వచ్చింది. "బిగియ్యకుంటె బిగియ్యలే అని చెప్తే అయిపోవు గద. నేనేమన్న అందునా?"

"అనరండి."

"మీటింగ్‌ల గూడ మీ దిక్కే చూసిన. మేడమ్ ఏమన్న అంటరేమో అని."

క్షమించమని అడిగాను. ఆయన స్క్రూలు, గొట్టం కవరులో వేసి మూతి మడిచి ఇచ్చారు. అసోసియేషన్‌లో అందరికీ నిజం చెబుతానన్నాను. ఇలాంటప్పుడు పెద్దమనుషులు ఎందుకులెండి, అయిపోయిందిగా అంటారు. ఆయన అలా అనలేదు.

"చెప్పున్రి మేడమ్. ఆడ నా పేరు ఖరాబయింది. చెప్పున్రి."

ఆ రోజు నేనున్నంతసేపూ ఒక్కసారి కూడా బిడ్డా అనలేదు.

వేణుకి ఆ సాయంత్రమే చెప్పాను. "అంతమందిలో ఆయన మీద నింద వేసింది నేను. నన్ను అలా మాట్లాడనిచ్చావు" అన్నాడు. వచ్చే మీటింగులో చెప్పబోతున్నానంటే తనూ వస్తానన్నాడు. ఆ ఆదివారం నీళ్ళ ట్యాంకర్ల గురించీ లిఫ్టు గురించీ చర్చ అయ్యాక లేచి నిలబడ్డాను. సెక్రటరీ గారు, "ఎప్పుడో అయిపోయిన విషయం కదమ్మా, ఇప్పుడెందుకు" అన్నారు. ఆయన చిరాకులో తప్పు లేదు, అందరికీ ఇళ్ళకి వెళ్ళే తొందర. నాబ్ బిగించింది నేననీ, సాయిలు గారు డ్యూటీ దిగాకే నాకు నేర్పారనీ, మళ్ళీ బిగించమని మూడుసార్లు అడిగితే అబద్ధం చెప్పాననీ అన్నాను. వేణు లేచి, ఆ రోజు తను అన్నమాట తప్పన్నాడు. ఇద్దరు ముగ్గురు ఫోన్లలోంచి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. మీటింగు పుస్తకంలో రాయమని అడిగాను. సెక్రటరీ గారు రెండు లైన్లు రాసి సంతకం పెట్టారు. ఆ పేజీ ఫోటో తీసి సాయిలు గారికి పంపాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "హాస్టల్ పిలగాని తోని చదివిపిచ్చుకున్న మేడమ్. మంచిది" అన్నారు.

ఆయన్ని తిరిగి మా గేటుకి పిలిపించాలని ప్రయత్నం చేశాను. ఆయనే ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకి గోపన్‌పల్లి దుకాణంలో చేరారని తెలిసింది. చాలా రోజులు అటు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. చివరికి ఒకసారి వెళ్ళాను. రేకుల షెడ్డు, లోపల రెగ్జిన్ వాసన. ఆయన పెద్ద సీటు ఒకటి ఒళ్ళో పెట్టుకుని అంచు కుడుతున్నారు. నన్ను చూసి తలూపారు, టీ తెప్పించారు. టీ తాగుతున్నంతసేపూ ఆయన చెయ్యి ఆగలేదు. సూదిలో దారం అయిపోతే, నేను పక్కనే ఉన్నా, లోపల పని చేస్తున్న దోస్తుని పిలిచి ఎక్కించుకున్నారు. కావాలని చేశారని నేననుకోను. అలవాటైన మనిషిని పిలిచారంతే. తిరిగి వస్తుంటే దారంతా అదే గుర్తొచ్చింది. ఏడాది తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ ఆ షెడ్డు తీసేశారు. ఆయన ఫోన్ నంబరు ఇప్పుడు పనిచెయ్యడం లేదు. ఊరికి వెళ్ళిపోయారని ఎవరో అన్నారు, ఏ ఊరో సరిగ్గా చెప్పలేకపోయారు.

ఆయన నాకు నేర్పినది కుట్టు కాదనీ, బతకడం ఎలాగో నేర్పారనీ రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ ఆయన నేర్పింది కుట్టే, స్క్రూలు బిగించడమే. మిగిలింది ఆయన నేర్పలేదు, ఆయనకి నేను చేసినదానివల్ల నాకు వచ్చింది. ఆఫీసులో ఆ పరీక్ష చెయ్యని కుర్రాణ్ణి తర్వాత పిలిచి, సాయిలు గారి సంగతంతా చెప్పాను. వాడు విని, "నాకెందుకు చెబుతున్నారు మేడమ్?" అన్నాడు. నీకు నీతులు చెప్పిన రోజు నేనెలాంటిదాన్నో నీకు తెలియాలి గనక అన్నాను.

పోయిన వారం ఒక పెద్ద ప్రాజెక్టు చివరి సమావేశం జరిగింది. క్లయింటు తరఫు వాళ్ళు తెర మీద వరసగా ఉన్నారు. ఒక భాగం గురించి, "ఇది మీరు స్వయంగా చూశారా?" అని అడిగారు. మా వాళ్ళు చూశారు, నేను చూడలేదు. ఆఁ అనే మాట నాలుక చివరికి ఎంత తేలిగ్గా వచ్చిందో. ఇప్పటికీ అంతే తేలిగ్గా వస్తుంది, అది పోలేదు.

"చూడలేదు" అన్నాను. "ఒక గంట ఇవ్వండి." తెర మీద ఎవరో గట్టిగా నిట్టూర్చారు. నేను ఫైలు తెరిచి మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాను.